ఫైట్ మొదలవగానే కామెడీ చచ్చిపోతోంది: సూపర్ హీరో షార్ట్ ఫిల్మ్‌కి సలహాలు కావాలి

తువ్వాలకేప్:
22 నిమిషాల షార్ట్ ఫిల్మ్. అమ్మ, నాన్న, కాలేజీ చదివే అమ్మాయి, పదేళ్ల పిల్లాడు. అమ్మకి ఉన్నట్టుండి విపరీతమైన బలం వస్తుంది, ఇంట్లో ఎవరికీ చెప్పదు. మొదటి 12 నిమిషాలు బాగా నవ్విస్తోంది. తర్వాత ఇద్దరు దొంగలు ఇంట్లోకి దూరతారు, మూడు నిమిషాల ఫైట్. అక్కడ ఆగిన నవ్వు మళ్లీ లేవట్లేదు. రెండో సమస్య, అమ్మ ఫ్రిజ్ ఎత్తే షాట్. థర్మాకోల్ డమ్మీ అని ఇట్టే తెలిసిపోతోంది. మూడోది, చివర్లో పిల్లాడు గాల్లో తేలాలి. రోప్ లేకుండా కుదురుతుందా? రీషూట్‌కి రెండు రోజులే ఉన్నాయి.

రెండోడ్రాఫ్ట్:
ఫైట్‌లో అమ్మకి ఏం కావాలి? దొంగల్ని కొట్టడమే అయితే అది మామూలు ఫైట్, మీ సినిమాది కాదు. 12 నిమిషాలు ఆవిడ దాస్తూ వచ్చిన రహస్యం ఫైట్ మొదలవగానే గాలికి పోయింది. నవ్వు పోయింది అందుకే.

నాన్నని పక్క గదిలో నిద్రపుచ్చండి. ఇప్పుడు ఆవిడకి పని దొంగల్ని కొట్టడం కాదు, చప్పుడు కాకుండా కొట్టడం. ఒకణ్ణి విసిరేస్తుంది, వాడు వెళ్లేది పడగ్గది గోడ వైపు అని అప్పుడు గుర్తొస్తుంది, పరుగెత్తి గోడకి బెత్తెడు దూరంలో వాడి కాలర్ పట్టుకుంటుంది. వాడు "థాంక్సండీ" అంటాడు. దెబ్బా జోకూ ఒకే షాట్‌లో వచ్చేశాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య డైలాగ్ ఇరికించే బాధ లేదు.

"ది ఇంక్రెడిబుల్స్" (2004) చూడండి. నాలుగు వైపులా లాగబడే తల్లికి సాగే ఒళ్లు, ఎవరి కంటా పడకూడదనుకునే టీనేజ్ పిల్లకి మాయమయ్యే శక్తి, ఒక్కచోట కూర్చోని పిల్లాడికి వేగం. శక్తి ఆ మనిషి స్వభావంలోంచే వచ్చింది కాబట్టి యాక్షన్ సీన్‌లో కూడా ఇంటి గొడవే నడుస్తుంది. మీ అమ్మాయికి అసలు పనే లేనట్టుంది. రహస్యం ముందుగా ఆమెకే తెలియనివ్వండి. ఫైట్ మధ్యలో తలుపు తీసి, చూసి, నాన్న లేవకుండా టీవీ సౌండ్ పెంచాలి. తల్లీకూతుళ్ల మధ్య అంతకుమించి డైలాగ్ అక్కర్లేదు.

ఎడిట్‌టేబుల్:
పై మాట నిజమే కానీ, స్క్రిప్ట్ మార్చినా కటింగ్ ఇలాగే ఉంటే నవ్వు రాదు. యాక్షన్ ఊపులో షాట్లన్నీ సెకనుకి ఒకటి చొప్పున కోసేసి ఉంటారు. జోక్ పండాలంటే కారణం, ఫలితం ఒకే ఫ్రేమ్‌లో కనబడాలి. వైడ్ పెట్టి, తల నుంచి కాళ్ల దాకా చూపించండి.

దెబ్బ తగిలే చోట కట్ చేస్తే రెండో షాట్‌ని 2-3 ఫ్రేములు వెనక్కి జరపండి. అంటే తాకిడి రెండుసార్లు కనబడుతుంది. సెకనుకి 24 ఫ్రేములు నడిచేటప్పుడు అది కంటికి ఆనదు, దెబ్బ మాత్రం గట్టిగా తగిలినట్టుంటుంది. దెబ్బ తర్వాత రియాక్షన్‌కి వెంటనే దూకకండి, అర సెకను ఖాళీగా వదలండి. ఆ ఖాళీలో ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) ఉండకూడదు. మీ ఫైట్ మూడు నిమిషాలూ డప్పులు మోగుతూనే ఉన్నాయని నా అనుమానం. "ఇప్పుడు నవ్వొద్దు" అని ప్రేక్షకుడికి చెప్పేది అదే.

"యాంట్ మ్యాన్" (2015)లో బొమ్మ రైలు ఫైట్ గుర్తుందా? దగ్గరి షాట్లలో నిజం రైలు మీదకొస్తున్నంత హడావుడి. వైడ్‌కి కట్ చేయగానే పిల్లల బొమ్మ పట్టా మీంచి పక్కకి ఒరుగుతుంది, చిన్న చప్పుడు, అంతే. జోక్ మొత్తం ఆ కట్‌లోనూ ఆ సౌండ్‌లోనూ ఉంది.

వేగం చాలకపోతే సెకనుకి 22 ఫ్రేముల్లో తీసి 24లో నడిపించండి, 9 శాతం పెరుగుతుంది. 20కి దిగితే మూకీ సినిమా నడక వచ్చేస్తుంది. పెదాలు కదిలే షాట్లలో మాత్రం వద్దు. షట్టర్ స్పీడ్ 1/50 సెకను దగ్గరే ఉంచండి. 1/200కి పెంచితే కదలిక ముక్కలుముక్కలుగా కరుగ్గా కనబడుతుంది. యుద్ధం సీన్‌కి బాగుంటుంది, ఇంట్లో సరదా ఫైట్‌కి కాదు.

గాలిఫ్రిజ్:
ఫ్రిజ్ సంగతి. డమ్మీ తేలిగ్గా కనబడటానికి కారణం నటి కాదు. ఆవిడకి బలం ఉంది కాబట్టి కష్టపడినట్టు నటించకూడదు, నటిస్తే జోకే పోతుంది. బరువు పక్కవాళ్లు చూపించాలి. ముందు దొంగలిద్దరూ అసలు ఫ్రిజ్‌ని భుజాలతో తోస్తారు, కదలదు. తర్వాత ఆవిడ ఒంటిచేత్తో.

షాట్‌ని మూడు ముక్కలు చేయండి. అడుగు నేల వదిలే క్లోజప్ అసలు ఫ్రిజ్‌తో. వెనక ఇద్దరు పట్టుకుని వంచితే చాలు, వాళ్ల కాళ్లు ఫ్రేమ్‌లో పడనివ్వకండి. ఎత్తి పట్టుకునే వైడ్ డమ్మీతో. దించే షాట్ మళ్లీ అసలుదే. థర్మాకోల్ ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడే దొరికిపోతుంది, నేల తాకగానే ఎగురుతుంది. డమ్మీ లోపల అడుగున చెక్క ఫ్రేమ్ బిగిస్తే ఊగడం తగ్గుతుంది. ఇసుక మూట పెట్టాలనిపిస్తుంది, తల మీదకెత్తే వస్తువులో వద్దు.

సగం బరువు సౌండే మోస్తుంది. లోపల సీసాలు గలగలలాడటం, గాజు అర కిందికి జారడం, దించాక మోటారు ఒకసారి మూలిగి ఆగడం. వట్టి "ధబ్" వేస్తే పెట్టె పడ్డట్టే ఉంటుంది.

తువ్వాలకేప్:
మోటారు మూలుగు అదిరింది. ఆ చప్పుడుకే నాన్న లేస్తాడు! మరి పిల్లాడి షాట్?

క్లీన్‌ప్లేట్:
శిక్షణ ఉన్న రోప్ మనిషి లేకుండా పిల్లాణ్ణి వేలాడదీయొద్దు. ఇందులో బేరం లేదు. స్టూల్ చాలు.

కెమెరా ట్రైపాడ్ మీద బిగించి ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. పిల్లాడు స్టూల్ మీద బోర్లా పడుకుని చేతులు చాచే టేక్ తీయండి. పిల్లాణ్ణీ స్టూల్‌నీ తీసేసి, కెమెరా ముట్టుకోకుండా ఖాళీ గది పది సెకన్లు తీయండి. ఎడిట్‌లో ఖాళీ గది కింద లేయర్, పిల్లాడిది పైన. స్టూల్ చుట్టూ మాస్క్ (చెరిపే భాగానికి హద్దు) గీసి చెరిపేయండి, కింది ఖాళీ గది కనబడుతుంది.

చెడేది ఎక్కడంటే, మొదటిది చొక్కా. స్టూల్ అంచుకి నొక్కుకుని పొట్ట దగ్గర బల్లపరుపుగా అయిపోతుంది, స్టూల్ చెరిపినా ఆ గీత ఉండిపోతుంది. పొట్ట కంటే సన్నటి స్టూల్ తీసుకుని, చొక్కా అంచు కొద్దిగా కిందికి వేలాడేలా పిన్ను పెట్టండి. రెండోది నీడ. స్టూల్ నీడ చెరపాలి, పిల్లాడి నీడ ఉంచాలి. రెండూ కలిసిపోయుంటే దీపం పక్కకి జరిపి విడగొట్టుకోండి. మొత్తం చెరిపేస్తే పిల్లాడు అతికించిన బొమ్మలా ఉంటాడు. మూడోది కిటికీ వెలుగు. ఖాళీ ప్లేట్ (ఆ ఖాళీ గది షాట్) రెండు నిమిషాల్లోపే తీసేయండి, మబ్బు పట్టిందంటే రంగు కలవదు. ఫ్యాన్ కట్టేయండి, కర్టెన్ కదలకూడదు.

కేప్ వేస్తున్నారా? అది స్టూల్ కాళ్ల మీద పడితే మాస్క్ ఫ్రేము ఫ్రేముకీ గీయాలి. నడుము పైకే కత్తిరించండి.

తువ్వాలకేప్:
కేప్ అంటే తువ్వాలే అండీ. మడత పెట్టేస్తాను.