మోకాళ్లకి నొప్పుల జెల్ రాస్తున్న అమ్మ, పైగా వార్ఫరిన్ వాడుతోంది: ఇబ్బందేమైనా ఉంటుందా?

అమ్మకి 67 ఏళ్లు. గుండె వాల్వ్ మార్చారు కాబట్టి రోజూ వార్ఫరిన్ (రక్తం పలచబడే మందు) వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో ఇచ్చిన జెల్ రోజుకి నాలుగైదు సార్లు రాస్తోంది. "పైపూతే కదా, లోపలికేం పోతుంది" అంటుంది.

మొన్న రాత్రి జెల్ రాసి, పాత చీర ముక్క గట్టిగా చుట్టి, దాని మీద వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకుంది. పొద్దున చూస్తే కుడి మోకాలి పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. అదే చేత్తో కళ్లు నలుపుకుని అరగంట మంట కూడా. (మా ఇంట్లో జండూబామ్‌తో ఇది మామూలే.)

ట్యూబ్ మీద చదివాను: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16%, మిథైల్ శాలిసిలేట్ 10%, మెంథాల్ 5%, క్యాప్సైసిన్ 0.025%. శాలిసిలేట్ చర్మం గుండా రక్తంలోకి చేరి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందని తెలిసి టెన్షన్ పట్టుకుంది. ప్రస్తుతానికి జెల్ ఆపించాను. చిగుళ్ల నుంచి రక్తం, కమిలిన మచ్చలు ఏమీ లేవు. ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూసేది) వచ్చే వారం. ముందే చేయించమంటారా?

ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, మీ డాక్టరు మోకాళ్లకి ఏం రాయమన్నారు? శాలిసిలేట్ లేని ఉత్త డైక్లోఫెనాక్ జెల్‌కి ఒప్పుకున్నారా, అదీ వద్దన్నారా? జెల్ రాయని రోజు కాపడం పెట్టుకోవచ్చా? బొబ్బ చితక్కుండా ఉత్త గుడ్డ కప్పి ఉంచాను, అది చాలా? మా డాక్టరు అపాయింట్‌మెంట్ సోమవారం. ఏమేం అడగాలో కూడా చెప్పండి.