నా వ్యాసం అందరి సైట్లలో కనబడుతోంది, నా సైట్‌లో తప్ప. ఏం చేయాలి?

చక్రం_తిరుగు
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు మూడున్నర. ఇక బుర్ర పనిచేయట్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సైకిల్ రిపేరు మీద నాకో సైట్ ఉంది. జనం రావట్లేదని మూడు వారాలుగా వ్యాసాలు రాసి బయటి సైట్లకు పంపుతున్నా. 27 చోట్లకు పంపితే 19 చోట్ల వేసుకున్నారు. అన్నిటి కిందా నా సైట్ లింకు ఉంది. ఇంత చేసినా గూగుల్‌లో నా సైట్ ఆనవాలే లేదు. వ్యాసం పేరు కోట్స్‌లో పెట్టి వెతికితే నేను రాసిన అక్షరాలే ఎవరెవరి సైట్లలోనో వరసగా కనబడుతున్నాయి. చివరిదాకా చూశా, నాది లేదు. కడుపు రగిలిపోతోంది.

ఇంకా ఎన్ని చోట్లకు పంపాలి? ఎన్ని లింకులు పడితే సైట్ పైకొస్తుందో అది చెప్పండి చాలు.

ఒకటేమాట
19 చోట్లా ఒకటే వ్యాసమా, వేరువేరా?

పాతకలం
మీరు పట్టుకున్న దారి ఎప్పుడో మూసుకుపోయిందండీ. నేను ఈ పని బాగా నడిచిన రోజుల్లోనే చేశాను కాబట్టి చెబుతున్నా. అప్పట్లో ఆర్టికల్ డైరెక్టరీలని ఉండేవి. వ్యాసం ఇస్తే ఊరికే వేసుకునేవాళ్లు, కింద రిసోర్స్ బాక్స్ అని రెండు మూడు లైన్లు మనకు వదిలేవాళ్లు. అందులో మన లింకు పెట్టుకునేవాళ్లం. ఆ లింకుల కోసమే రాసేవాళ్లు ఎక్కువైపోయారు. ఒకే వ్యాసంలో మాటలు అటూ ఇటూ మార్చి వంద రకాలుగా తయారుచేసే స్పిన్నింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. చదివితే తలాతోకా ఉండేది కాదు.

2011 ఫిబ్రవరిలో గూగుల్, ఏ సైట్‌ను పైన చూపాలో తేల్చే పద్ధతిలో పాండా అప్‌డేట్ అని ఓ మార్పు తెచ్చింది. సరుకు లేని పేజీలతో నిండిన సైట్లన్నీ కిందికి జారిపోయాయి, డైరెక్టరీలకు గట్టి దెబ్బ తగిలింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో పెంగ్విన్ వచ్చింది. అది లింకుల మీద పడింది. కావాలని అల్లుకున్న లింకులున్న సైట్లు దెబ్బతిన్నాయి. పోనీ గెస్ట్ పోస్టులు, అంటే వేరేవాళ్ల బ్లాగుల్లో వ్యాసాలు, రాద్దామని అందరూ అటు మళ్లితే, 2014 జనవరిలో అప్పట్లో గూగుల్‌లో స్పామ్‌ను అడ్డుకునే పని చూసిన మ్యాట్ కట్స్, లింకుల కోసం గెస్ట్ పోస్టులు రాసే పని ఇక ఆపేయండని తన బ్లాగులో నేరుగా రాశాడు. ఇంత జరిగాక కూడా మీరు 27 చోట్లకు పంపానంటే బాధగా ఉంది. మూడు వారాల కష్టం కదా.

వడపోత
పాతకలం గారు చరిత్ర బాగా చెప్పారు గానీ ఇక్కడ జరిగింది అది కాదనుకుంటా. ఒకే వ్యాసం పదిచోట్ల ఉంటే గూగుల్ అందులో ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుని మిగతావి పక్కన పెడుతుంది. అంతే.

పాతకలం
డూప్లికేట్ కంటెంట్ పెనాల్టీ అంటే అదేగా.

వడపోత
కాదండీ. పెనాల్టీ అంటే శిక్ష. మోసం చేసినట్టు తేలితే సైట్ మొత్తాన్ని కిందికి నెడతారు, మనుషులు చూసి వేసిన శిక్ష అయితే సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఊరికే ఇచ్చే సాధనం) మాన్యువల్ యాక్షన్ అని కనబడుతుంది. ఇది వడపోత. శిక్ష లేదు, మీ కాపీ ఎంపిక కాలేదు, అంతవరకే. డూప్లికేట్ కంటెంట్ పెనాల్టీ అంటూ ఏదీ లేదని గూగుల్ వాళ్లే 2008లో చెప్పారు. ఈ మాట తప్పుగా వాడడం వల్లే జనం భయపడి మంచి పేజీలు కూడా తీసేసుకుంటున్నారు.

పాతకలం
పేరు ఏదైతేనేం, ఆయన సైట్ కనబడట్లేదు. పేజీ కనబడకపోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

వడపోత
పేరు ముఖ్యమే. శిక్ష అయితే తప్పు దిద్దుకుని పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవాలి. వడపోత అయితే అర్జీ దేనికి? చేయాల్సిన పనే వేరు.

ఒకటేమాట
నేనడిగినదానికి జవాబు రాలేదు.

చక్రం_తిరుగు
సారీ అండీ, ఇప్పుడే చూశా. వ్యాసాలు మొత్తం నాలుగు. వాటినే అందరికీ పంపాను. నా సైట్‌లో కూడా అవే ఉన్నాయి, బయట వచ్చాక నావి పెట్టాను. అందరూ ఇలాగే చేస్తారు కదా? కింద నా పరిచయం కూడా అన్నిచోట్లా ఇదే పెట్టాను:

"రచయిత సైకిల్ నిపుణులు. సైకిల్ చైను రిపేరు గురించి మరిన్ని వివరాలకు సైకిల్ చైను రిపేరు నొక్కండి."

రెండోసారి వచ్చిన "సైకిల్ చైను రిపేరు" అన్న మాటలకే లింకు ఇచ్చాను. కీవర్డ్ మీద, అంటే జనం వెతికే మాటల మీద, లింకు ఉండాలని ఎక్కడో చదివా.

పాతకలం
చూశారా! సరిగ్గా వద్దన్న పనే ఇది. కీవర్డ్ మాటలకు లింకులు తగిలించి పెద్ద ఎత్తున వ్యాసాలు పంచడం లింక్ స్కీమ్ (పైకి రావడానికి కావాలని లింకులు అల్లడం) కిందికి వస్తుందని 2013లోనే గూగుల్ తన నిబంధనల్లో పెట్టింది. 2017 మేలో మళ్లీ గుర్తుచేసింది కూడా. ముందు ఆ 19 చోట్లకూ రాసి, లింకు మీ పేరు మీదో సైట్ పేరు మీదో మార్చమనండి. లేకపోతే ఆ లింకును లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే నోఫాలో గుర్తు పెట్టమనండి.

రాతకోతలు
అంతకంటే ముందు ఒక్క మాట. ఆ 19 సైట్ల నిబంధనలు చదివారా? వ్యాసం పంపేటప్పుడు టిక్ పెట్టే ఆ పేజీలోనే అసలు సంగతంతా ఉంటుంది. కొందరు ప్రచురించే అనుమతి మాత్రం తీసుకుంటారు, హక్కు మీ దగ్గరే ఉంటుంది. కొందరు ఇంకెక్కడా రాని వ్యాసమే కావాలని షరతు పెడతారు. అలాంటి చోట మీరు నలుగురికీ పంపింది పంపితే మాట తప్పినట్టే. ఇంకొందరు ఎప్పటికీ తొలగించబోమని, కావాలంటే మార్చుకుని వాడుకుంటామని రాసుకుంటారు. ఒక సైట్‌కు నేనలాగే ఇచ్చి, తర్వాత తప్పు దిద్దమని అడిగితే ఒప్పుకోలేదు. నా పేరు మీద ఆ తప్పు అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి ఏది ఎక్కడికి పంపానో, ఏ తేదీన పంపానో, ఏ షరతు మీద పంపానో రాసి పెట్టుకుంటున్నా. మీరూ ఈ రోజే మొదలుపెట్టండి.

చక్రం_తిరుగు
నిబంధనలు చదవలేదండీ. చదువుతా. కానీ నా సైట్ ఎందుకు కనబడట్లేదు?

కూడలి
నేను వేరే వైపు నుంచి చెబుతా. లింకుల లెక్క కాసేపు పక్కన పెట్టండి. బయట రాసిన వ్యాసం వల్ల మనుషులు రావాలి. నేను కుట్టుపని మీద రాస్తుంటా. డైరెక్టరీల్లాంటి చోట్ల వేసిన డజను వ్యాసాల నుంచి నెల మొత్తం మీద నలుగురు కూడా రాలేదు. కుట్టుమిషన్ వాడేవాళ్లే చదివే ఒక చిన్న పత్రిక సైట్‌లో ఒకే ఒక్కటి వచ్చింది, ఏడాది దాటినా దానినుంచి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. దారం ముడిపడితే ఏ స్క్రూ ఎంత తిప్పాలో ఫొటోలతో చూపించాను, అంతే.

మీ సంగతికే వస్తే, "సైకిల్ చైను సంరక్షణ చిట్కాలు" అని రాస్తే ఎవరు చదువుతారు? అలాంటివి కుప్పలుగా ఉన్నాయి. చైను సాగిందో లేదో స్కేలుతో ఎలా కొలవాలో రాయండి. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం, కాబట్టి కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. స్కేలు సున్నా ఒక పిన్ను నడిమికి ఆనించి, ఇరవైనాలుగో లింకు చివరి పిన్ను చూడాలి. అది 12 దాటి అంగుళంలో పదహారో వంతు పక్కకు జరిగితే చైను మార్చాల్సిన వేళయింది. అప్పుడు మార్చకుండా అలాగే తొక్కితే పళ్లచక్రాలు కూడా అరిగిపోతాయి. మా అన్నయ్య నేర్పిన సంగతి ఇది. సైకిల్ తొక్కే మనిషి ఇది చదివితే మీ సైట్ పేరు గుర్తుపెట్టుకుంటాడు. ఒక్కో సైట్‌కు దాని పాఠకుల్ని బట్టి వేరే వ్యాసం రాయాలి. నెలకు ఒకటైనా చాలు.

చక్రం_తిరుగు
స్కేలు సంగతి నాకు తెలుసండీ, రోజూ చేసే పనే. అది కూడా వ్యాసానికి పనికొస్తుందని తట్టలేదు.

ఒకటేమాట
గూగుల్‌లో సైట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ అడ్రసు కొట్టండి. ఎన్ని పేజీలు వస్తున్నాయి?

వడపోత
అది కచ్చితమైన లెక్క కాదు. సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్టు చూడమనండి.

ఒకటేమాట
సున్నానా కాదా తెలిస్తే చాలు.

చక్రం_తిరుగు
సున్నా. ఒక్కటీ రాలేదు. హోంపేజీ కూడా లేదు!! అంతకుముందు ఉండేది, నా పేరు కొడితే వచ్చేది. పోయిన నెల కొత్త డిజైన్ వేయించాను, అప్పటిదాకా బాగానే ఉన్నట్టు గుర్తు.

ఒకటేమాట
డిజైన్ మార్చిన సంగతి మొదటే చెప్పాల్సింది. వర్డ్‌ప్రెస్సా?

చక్రం_తిరుగు
అవును. డిజైన్‌కూ వ్యాసాలకూ సంబంధం ఉంటుందనుకోలేదు. తెలిసిన కుర్రాడు ముందు వేరే చోట తయారుచేసి, బాగుందన్నాక అసలు అడ్రసుకు మార్చాడు.

ఒకటేమాట
హోంపేజీ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కండి. వచ్చిన కోడ్‌లో నోఇండెక్స్ అని వెతకండి.

చక్రం_తిరుగు
ఉంది. మొదటి పదిహేను లైన్లలోనే ఉంది. మెటా నేమ్ రోబోట్స్, కంటెంట్ నోఇండెక్స్ అని. ఇది ఏంటి?

ఒకటేమాట
నా పేజీని మీ జాబితాలో పెట్టుకోవద్దని మీ సైటే గూగుల్‌కు చెబుతోంది. సెట్టింగ్స్‌లో రీడింగ్‌కు వెళ్లండి. అడుగున, సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ను ఇండెక్స్ చేయకుండా నిరుత్సాహపరచు అన్న గడిలో టిక్ ఉంటుంది. తీసి సేవ్ చేయండి.

కూడలి
తయారీలో ఉన్న సైట్ బయట కనబడకూడదని ఆ టిక్ పెడతారండీ. అసలు అడ్రసుకు తెచ్చాక తీయడం మర్చిపోతారు. మా చెల్లెలి సైట్‌కూ రెండు నెలలు ఇలాగే జరిగింది. మీ తప్పేం లేదు.

చక్రం_తిరుగు
తీశా. ఇప్పుడు కోడ్‌లో ఆ మాట లేదు. అంటే ఈ మూడు వారాలూ వ్యాసాల తప్పు కాదా? 19 లింకులూ మూసిన తలుపుకే దారి చూపించాయా?

పాతకలం
తలుపు తీసినా ఆ లింకులు మార్చాల్సిందే, ఆ మాట మీదే ఉన్నా.

వడపోత
ఇక మీదట వరస మార్చండి. వ్యాసం ముందు మీ సైట్‌లో పెట్టి, సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ ద్వారా ఇండెక్స్ చేయమని అడగండి. అడగ్గానే అయిపోదు, రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. గూగుల్‌లో కనబడ్డాకే బయటికి పంపండి. పంపినచోట కెనానికల్ ట్యాగ్‌తో అసలుది మీ పేజీ అని చెప్పించుకుంటే ఇంకా మంచిది. మీడియం అనే బ్లాగు సైట్‌లో ఇంపోర్ట్ ద్వారా వేస్తే ఆ ట్యాగ్ దానంతటదే పడుతుంది.

రాతకోతలు
కెనానికల్ సలహా పాతబడిందండీ. వేరే సైట్లకు ఇచ్చిన వ్యాసాలకు అది సరిపోదని, తీసుకున్నవాళ్లు తమ కాపీని నోఇండెక్స్ చేయాలని గూగుల్ 2023లో సలహా మార్చింది.

వడపోత
సరిపోదన్నారు గానీ పెట్టొద్దనలేదు. అది ఆజ్ఞ కాదు, సూచన. అయినా మీ వ్యాసం వేసుకుని దాన్నే దాచిపెట్టడానికి ఏ సైట్ ఒప్పుకుంటుంది?

రాతకోతలు
అందుకే ఒకే వ్యాసం రెండుచోట్ల ఇవ్వకూడదంటున్నా.

కూడలి
ఆ నాలుగు వ్యాసాల్నీ మీ సైట్‌లో తిరగరాయండి. మీ చేత్తో కొలిచిన కొలతలు, మీరు తీసిన ఫొటోలు పెట్టండి. అప్పుడు మీది ఆ 19 కాపీల్లాగా ఉండదు, వాటికంటే మంచి పేజీ అవుతుంది. స్కేలు వ్యాసంతో మొదలుపెట్టండి, చదవాలని నాకే ఉంది.

చక్రం_తిరుగు
సరేనండీ. హోంపేజీకి రిక్వెస్ట్ పెట్టాను. థాంక్స్ అందరికీ. ఒకటేమాట గారికి ఇంకో థాంక్స్.

పాతకలం
లింకులు మార్పించాక ఇక్కడ చెప్పండి.

వడపోత
పాతకలం గారూ, ఆయన అడక్కపోయినా అలాంటి లింకుల్ని గూగుల్ ఇప్పుడు చాలావరకు లెక్కలోకే తీసుకోదు. 19 మందికి ఉత్తరాలు రాసే టైములో ఒక మంచి వ్యాసం అవుతుంది.

పాతకలం
లెక్కలోకి తీసుకోదని మీరు హామీ ఇస్తారా?

గడప_దాటని
నాకూ ఇదే సమస్య, కానీ నాది వర్డ్‌ప్రెస్ కాదు. కోడ్‌లో నోఇండెక్స్ లేదు, సెర్చ్ ఇంజన్లు ఎక్కడికి రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో మాత్రం డిసలౌ అని ఒక లైను ఉంది, పక్కన ఏటవాలు గీత (/) ఒక్కటే ఉంది. అది తీసేయొచ్చా?