ఒడుపు, కిటుకు ఒకటేనా?

ఒడుపు అన్నా కిటుకు అన్నా ఒకటే కదా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఒకటి కావని నా అభిప్రాయం. వాటి వెంట వచ్చే క్రియలను గమనిస్తే తేడా తెలుస్తుంది. కిటుకును చెబుతాం, దాస్తాం, అడిగి తెలుసుకుంటాం. ఒడుపు మాత్రం చెబితే వచ్చేది కాదు. అది చేతికి చిక్కాలి, పట్టుబడాలి. ‘ఒడిసిపట్టడం’లో ఉన్న పట్టే నాకు ఈ మాటలోనూ వినిపిస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు ప్రాంతం. అక్కడి సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) చేసి, 24 ఆకుల (చక్రపు చువ్వల) రాట్నం మీద నూలు వడుకుతారు. చిన్నప్పుడు మా మేనత్త పక్కన కూర్చుని నేనూ వడకబోయాను. చక్రాన్ని ఎంత జోరుగా తిప్పితే అంత నూలు వస్తుందనుకుంటే పోగు పుటుక్కున తెగింది. అతికి, ఈసారి భయంభయంగా లాగితే లావుగా, ఉండలుండలుగా వచ్చింది. “అంత గట్టిగా పట్టకు గుంటా, ఒడుపుగా రానీ” అంటూ ఆవిడ నా ఎడమచేతి వేళ్ల మీద తన వేళ్లు ఆనించింది. కదురు (నూలు చుట్టుకునే పుల్ల) దగ్గర పడిన పురి, అంటే మెలిక, పోగులోకి ఎక్కుతుండగా ఏకును ఏ మేరకు వదలాలో ఆ వేళ్ల తాకిడి వల్లనే నాకు తెలిసింది. ఆవిడ పొద్దంతా వడికినా అలసట కనిపించేది కాదు, నాకు గంటకే భుజం పీకేది.

బలమే ప్రధానమనుకునే చోట కూడా ఈ మాటకు పని ఉంది. మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. అందులో స్నాచ్ అంటే బరువును నేల మీది నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం. ఆ బరువును చేతుల బలంతోనే తలపైకి మోయరు. కాళ్లతో, నడుముతో ఒంటికి దగ్గరగా లేపి, అది తిరిగి కిందికి దిగేలోగా తామే దాని అడుగుకు దూరి, చేతులు చాచి నిలుపుతారు. దీన్ని నేర్పు అనవచ్చు. కాని నేర్పు మనిషిది, ఒడుపు మనిషికీ వస్తువుకూ మధ్య కుదిరేది. మా వైపు ‘నేర్పరి’ అంటారు గాని ‘ఒడుపరి’ అనగా నేను వినలేదు. మీ ఊళ్లలో ఎవరైనా అలా అంటారా?