పార్కులో నిలిపిన, ఒకప్పుడు కలప మోసిన పాత రైలు ఇంజిన్‌ను కాపాడటం ఎలా?

ప్రశ్న (వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మేముంటున్న చిన్న ఊరు కాస్కేడ్ పర్వతాలకు పడమటి వైపు, వానలు బాగా కురిసే చోట ఉంది. ఒకప్పుడు అడవి నుంచి దుంగలు దించిన షే ఇంజిన్ (దంతచక్రాలతో నడిచే ఒక రకం ఆవిరి ఇంజిన్) ఒకటి ఇక్కడి పార్కులో ఆరుబయట నిలబడి ఉంది. కలప కంపెనీ లారీలకు మారిపోయిన తరువాత దానిని ఊరికి ఇచ్చేసిందట. ఊరి చరిత్ర సంఘంలో నేను సభ్యురాలిని. మెకానికల్ ఇంజినీరునని తెలిసి ఈ పని నాకు అప్పగించారు గాని, ఆవిరి ఇంజిన్లతో నాకు పరిచయం లేదు. సంఘంలో కొందరు దీనిని మళ్లీ నడపాలంటున్నారు, మరికొందరు ఈ వేసవిలో నల్లరంగు వేస్తే చాలంటున్నారు. పొగగొట్టానికి మూత లేదు, డ్రైవరు ఉండే క్యాబ్‌లోని చెక్క నేల కుళ్లిపోయింది, స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు, పొగగొట్టం కింద పొగ చేరే గది) అడుగున వేలు దూరేంత రంధ్రం పడింది. మొదట ఏ పని చేపట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (బిట్రగుంట స్టీమ్ షెడ్డులో బాయిలర్ మేకర్‌గా పనిచేసి విరమించిన సభ్యుడు)

అమ్మా, నడపడం, రంగు వేయడం అన్న రెండు మాటలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఇంజిన్‌లో నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తున్నాయో ముందుగా చూడండి. నేను పనిచేసినవి డబ్ల్యూజీ వంటి పెద్ద ఇంజిన్లే గాని, నిలిచిపోయిన బాయిలర్ ఏదైనా పాడయ్యే తీరు ఒక్కటే. మీరు చెప్పిన రంధ్రం పొగగొట్టంలోంచి పడిన వానవల్ల వచ్చింది. స్మోక్‌బాక్స్ అడుగున పేరుకున్న మసి తడిని పట్టి ఉంచుతుంది. బొగ్గు వాడిన ఇంజిన్ అయితే అందులోని గంధకం ఆ తడితో కలిసి ఆమ్లంలా రేకును తినేస్తుంది. కాబట్టి ఈ వారమే పొగగొట్టానికి రేకు మూత బిగించి, స్మోక్‌బాక్స్ తలుపు తెరిచి, మసి అంతా పారతో ఎత్తి పొడిగా తుడిపించండి. ఆ పనికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, ఫలితం మాత్రం రంగు పనికంటే ఎక్కువ.

ఆ తరువాత ఫైర్‌బాక్స్, అంటే నిప్పు మండే గది వైపు వెళ్లండి. దాని లోపలి రేకుకూ బయటి రేకుకూ మధ్య నీరు ఉండే సందు అడుగున మడ్ రింగ్ అనే ఇనుప పట్టీ ఉంటుంది. ఇంజిన్ ఆపిన రోజున దింపకుండా వదిలేసిన నీరు, బురద, సున్నపు పొర అక్కడే చేరి దశాబ్దాల పాటు ఇనుమును కొరుకుతాయి. వాష్ అవుట్ ప్లగ్గులను (బాయిలర్ లోపల కడగడానికి ఉంచిన రంధ్రాల బిరడాలను) ఒక్కొక్కటిగా ఊడదీసి, వంచిన తీగతో లోపలి చెత్తను లాగి చూడండి. ప్లగ్గు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయవద్దు, కొన్ని రోజులు నూనె పట్టించి మళ్లీ ప్రయత్నించండి. ఊడదీసిన చోట మళ్లీ బిగించకుండా సన్నని ఇత్తడి జాలీ పెడితే లోపల గాలి ఆడుతుంది, పక్షులూ కందిరీగలూ గూడు పెట్టవు. తడి ఉన్న బాయిలర్‌ను గట్టిగా మూసేయడం, తెరిచి వదిలేయడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. సిలిండర్ల నుంచి నీరు దింపే కుళాయిలు (డ్రెయిన్ కాక్‌లు), నీటి తొట్టె అడుగున ఉండే ప్లగ్గు కూడా తెరిచే ఉంచండి.

జవాబు (ఒరెగాన్ నుంచి, రైలు మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేసే సభ్యుడు)

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే పార పట్టుకునే ముందు ఒక హెచ్చరిక తప్పనిసరి. బాయిలర్ మీద కనబడే పలుచని రేకు కింద వేడి పోకుండా వేసిన పొర ఆ కాలంలో చాలావరకు ఆస్బెస్టాస్‌తో చేసినదే. రేకు చిరిగి తెల్లని పిండి వంటిది బయటికి కనిపిస్తే దానిని ముట్టుకోవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. లైసెన్స్ ఉన్న సంస్థ చేత నమూనా పరీక్ష చేయించి, తొలగించే పని కూడా అటువంటివారికే అప్పగించండి. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి గ్రైండర్‌తో గీకడం కూడా కుదరదు. వేసవిలో పిల్లలను పోగుచేసి ఉప్పుకాగితంతో రుద్దించాలనే ఆలోచన మీ సంఘంలో ఎవరికైనా ఉంటే ఇప్పుడే ఆపండి.

రెండవది, ఇంజిన్ ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. కంపెనీలు ఇంజిన్లను ఊళ్లకు ఇచ్చినప్పుడు చాలా చోట్ల మాట మీదే ఇచ్చాయి. దానపత్రం లేకపోతే రేపు విరాళాలు అడిగేటప్పుడు ఇబ్బంది వస్తుంది. అదే సమయంలో అంకెలన్నీ నమోదు చేయండి. షే ఇంజిన్లను ఒహాయోలోని లైమా కర్మాగారం 1880 ప్రాంతం నుంచి 1945 వరకు సుమారు 2,770 తయారుచేసింది, ప్రతి ఇంజిన్‌కూ ఒక షాప్ నంబరు ఇచ్చింది. పేరు పలక దొంగల పాలైనా ఆ నంబరు విడిభాగాల మీద చెక్కి ఉండవచ్చు. అన్నిటి మీదా ఒకే అంకె కనిపించకపోతే కంగారు పడవద్దు, ఎందుకంటే కలప కంపెనీలు ఒక ఇంజిన్ చక్రాల బండిని ఇంకొకదానికి బిగించి పని గడుపుకునేవి. గంట, ఈల, ప్రెషర్ గేజ్ వంటి ఇత్తడి సామాను ఇంకా మిగిలి ఉంటే, ఫొటోలు తీసి, తాళం వేసిన గదిలోకి మార్చండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పొగగొట్టం మూతకు కొలతలు తీసుకున్నాము, పరీక్ష ఫలితం వచ్చేవరకు బాయిలర్ రేకు జోలికి వెళ్లము. అయితే సంఘంలో సగం మంది ఇప్పటికీ వెస్ట్ వర్జీనియాలోని క్యాస్ అనే ఊరి పాత కలప రైలు మార్గాన్ని చూపించి, అక్కడ షే ఇంజిన్లు నడుస్తున్నప్పుడు ఇక్కడ ఎందుకు నడవదని అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి?

జవాబు (ఒరెగాన్ సభ్యుడు)

క్యాస్‌లో ఇంజిన్లతో పాటు వాటి లోకమంతా మిగిలింది, తేడా అక్కడే ఉంది. 1901లో మొదలైన ఆ కలప మార్గం 1960లో మిల్లు మూతపడేవరకు పనిచేసింది. తుక్కువాళ్లు పట్టాలు పీకుతున్న దశలో రైలు అభిమానులు పట్టుబట్టడంతో రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు చేసి 1963లో పర్యాటకుల బళ్లు నడపడం మొదలుపెట్టింది. అంటే పట్టాలు, మరమ్మతు షెడ్డు, పని తెలిసిన మనుషులు దాదాపు విరామం లేకుండా కొనసాగారు. 1905 నాటి 5వ నంబరు షే అక్కడ పుట్టింటిలోనే ఉన్నట్టు లెక్క. లైమా చివరిగా 1945లో తయారుచేసిన 162 టన్నుల షే కూడా ఇప్పుడు అక్కడే ఉంది. వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే దానిని కొన్నేళ్లే నడిపింది కాబట్టి పెద్దగా అరగలేదు. మీ ఇంజిన్ వానలో నిలబడింది, మీకు పట్టాలు లేవు.

నిబంధనల సంగతి కూడా చెప్పండి. 1995లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర ఒక పర్యాటక ఇంజిన్ బాయిలర్‌లో నీరు తగ్గిపోయి, ఫైర్‌బాక్స్ పైకప్పు రేకు వేడెక్కి తెగడంతో క్యాబ్‌లో ఉన్న ముగ్గురు సిబ్బంది కాలిపోయి గాయపడ్డారు. ఆ తరువాత నిబంధనలను తిరగరాసి 2000లో అమల్లోకి తెచ్చారు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పరిధిలో నడిచే ఇంజిన్‌ను, నిప్పు వేసి ఆవిరి పట్టిన రోజులు 1,472 అయ్యాక లేదా 15 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు, పూర్తిగా విప్పి పరీక్షించాలి. బాయిలర్ రేకు మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచి, అది ఎంత ఒత్తిడికి ఆగుతుందో లెక్కకట్టి సమర్పించాలి. అనుమతించిన ఒత్తిడి కంటే 25 శాతం ఎక్కువతో నీటి పరీక్ష చేయాలి. మీరు నడపాలనుకోకపోయినా ఆ మందం కొలతలు ఒకసారి తీయించడం మంచిదని నా అభిప్రాయం. సంఘంలో వాదన ఆ అంకెలతో తీరిపోతుంది, లేకపోతే ప్రతి సమావేశంలోనూ మళ్లీ మొదలవుతుంది.

జవాబు (బిట్రగుంట సభ్యుడు)

కొలతలు తీసేవారు వచ్చినప్పుడు స్టే బోల్టులను (ఫైర్‌బాక్స్ లోపలి రేకునూ బయటి రేకునూ కలిపి పట్టే బోల్టులను) కూడా సుత్తితో తట్టి వినమనండి. తెగిన బోల్టు మొద్దుగా పలుకుతుంది. రేకు ఎక్కువగా అటూ ఇటూ వంగే పై మూలల్లోనే అవి ముందు తెగుతాయి.

షే గురించి చదివాక నాకొక సంగతి తట్టింది. మేము నడిపిన ఇంజిన్లకు కడ్డీలు చక్రాలను తిప్పేవి. షే ఇంజిన్‌లో కుడివైపున నిలువుగా ఉన్న సిలిండర్లు ఒక పొడవాటి షాఫ్టును తిప్పుతాయి, ఆ షాఫ్టు మీది చిన్న దంతచక్రాలు ప్రతి చక్రం ముఖాన ఉన్న పెద్ద దంతచక్రాన్ని తిప్పుతాయి. అందువల్లే వంకరటింకర పట్టాల మీద, నిటారు గట్ల మీద అది ఎక్కగలిగింది. షాఫ్టుల కీళ్లూ, జారే చోట్లూ అన్నీ ఇప్పుడు బిగుసుకుపోయి ఉంటాయి. వాటికి మడ్డి నూనె, గ్రీజు ధారాళంగా పట్టించండి. ఏ కారణంతోనైనా ఇంజిన్‌ను జరపవలసి వస్తే కీళ్లు విడదీసి, దంతాల మధ్య రాళ్లూ తుప్పు పెళ్లలూ తీసేసిన తరువాతే లాగించండి. లేకపోతే దంతాలు విరుగుతాయి, అవి అంగట్లో దొరికే సామాను కాదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

నిన్నటి సమావేశంలో మందం కొలతలకూ, పైకప్పుకూ నిధులు కేటాయించారు. రంగు వచ్చే ఏడాదికి వాయిదా పడింది. పైకప్పు విషయంలో జాగ్రత్తలు ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు (ఒరెగాన్ సభ్యుడు)

నాలుగు పక్కలా గోడలు కట్టవద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. చూరును రెండు వైపులా బాగా ముందుకు దింపి, గాలివాన వచ్చే దిక్కున మాత్రం ఒక గోడ పెట్టండి. పొగగొట్టం పైన మనిషి నిలబడి పని చేసేంత ఎత్తు వదలండి. పట్టాల కింద కాంక్రీటు దిమ్మె పోయడం కంటే కంకర పరిచి, చూరు నీళ్లు దూరంగా పోయేలా కాలువ తీయించడం మేలు. ఒక పక్క స్తంభాలను బోల్టులతో బిగించమని మేస్త్రీకి చెప్పండి. ఎప్పుడైనా ఇంజిన్‌ను క్రేన్‌తో ఎత్తవలసి వస్తే కప్పును కూల్చకుండా ఆ పక్కను విప్పుకోవచ్చు.