సమస్య: వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. విండోస్ 11తో వచ్చిన కొత్త కంప్యూటర్లో పాత విండోస్ (10, 7 లాంటివి) వేసుకోవడం మీద పూరించాలి. పద్యంలో ఒక్క పనిమెట్టైనా కనిపించాలి. గణాలు, యతి ఎంత పట్టింపుగా చూస్తామో ఆ మెట్టునూ అంతే పట్టింపుగా చూస్తాం. "ముందుకు" ఎలా వెళ్ళాడో కూడా పద్యమే చెప్పాలి.

నీలితెర:
డిస్కు కనఁబడ దనుచును దిగులుపడక
లోడు డ్రైవరు నొక్కి యా లోపమడఁచి
పదిని స్థాపించి పదకొండు పక్కఁ బెట్టి
వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు.

నిర్వాహకుడు:
నీలితెర గారూ, మొదటి పాదంలో యతి తప్పింది. డి టవర్గం, ది తవర్గం. మైత్రి లేదు. "డిస్కు కనఁబడకున్నఁ దా డీలుపడక" అంటే సరిపోతుంది.
విషయం మాత్రం సరైన చోటే పట్టుకున్నారు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో బయాస్‌లో (యంత్రం లేవగానే నడిచే మూల అమరికల్లో) వీఎండీ (డిస్కులను చూసుకునే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటుంది. విండోస్ 10 సెటప్‌లో దానికి డ్రైవరు లేక డిస్కుల జాబితా ఖాళీగా వస్తుంది. ఆ లోటు తీర్చే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవరును ముందే విప్పి, ఐఎన్‌ఎఫ్ (డ్రైవరు వివరాల) ఫైలున్న ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. దించుకున్న ఎక్స్‌ఈ ఫైలును అలాగే పెడితే "లోడ్ డ్రైవర్" దాన్ని చదవదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఎలుకబోను:
బయాస్‌లో వీఎండీ ఆపేస్తే డ్రైవరు గొడవే ఉండదు కదా?

నీలితెర:
డిస్కు మొత్తం తుడిచేసేవారికి అదే సులువు. పదకొండును ఉంచుకుని పక్క విభాగంలో పది వేసేవారు మాత్రం దాని జోలికి పోకూడదు. అప్పటిదాకా వీఎండీతో లేచిన పదకొండు, అది ఆపగానే డిస్కు అందక నీలితెర చూపిస్తుంది (నా పేరు అలా వచ్చింది కాదు లెండి). యతి సవరణకు ధన్యవాదాలు.

తాళపత్రం:
పదిదినమ్ములు మించక పాతదానిఁ
గోరి 'గోబ్యాకు' మీటను గోట నొక్కి
ఫైళ్ళ నన్నింటిఁ జెడకుండఁ బదిలపఱచి
వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు.

నిర్వాహకుడు:
గో, గో, గోట. ఆ పాదం నడక హాయిగా ఉంది. ఛందస్సులో వంక లేదు. చిక్కంతా విషయంలోనే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ఉండే ఆ మీట పది నుంచి పదకొండుకు ఎక్కినవారికే. ఎక్కినప్పుడు మిగిలే విండోస్.ఓల్డ్ ఫోల్డరే దానికి ఆధారం. పది రోజులు దాటితే ఆ ఫోల్డరు పోతుంది, మీటా పనిచేయదు. పెట్టె విప్పేసరికే పదకొండు ఉన్న యంత్రంలో వెనక్కి వెళ్ళడానికి వెనుక ఏమీ ఉండదు. మనం అడిగింది కొత్త కంప్యూటరు కాబట్టి పద్యం బాగున్నా పూరణ చెల్లదు.

ఎలుకబోను:
ఎలుక కదలని స్థితిఁ జూచి, యేడులోన
మూఁడవ తరంపు యూయెస్బి ముక్క నతికి
బూటు విమ్మును జక్కఁగఁ బొందుపఱచి
వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు.

నీలితెర:
ఏడులో మూడు అతకడం భలే కుదిరింది. విండోస్ 7 డిస్కులో యూఎస్‌బీ 3 డ్రైవరు లేదు. అన్ని పోర్టులూ ఆ తరానివే అయిన యంత్రంలో మౌసు, కీబోర్డు సెటప్ మొదటి తెర మీదే చచ్చుబడతాయి. కానీ మూడో పాదంలో పని సగమే అయింది. బూట్.విమ్‌లో (సెటప్‌ను లేపే ఫైలులో) అతికితే సెటప్ నడిచేదాకే. రీస్టార్టయ్యాక లేచేది ఇన్‌స్టాల్.విమ్ నుంచి దిగిన విండోస్. అందులోనూ డ్రైవరు లేకపోతే, పేరు అడిగే తెర దగ్గర ఎలుక మళ్ళీ బోనులోనే. విండోస్‌లోని డిస్మ్ అనే సాధనంతో బూట్.విమ్ రెండో ఇండెక్సునూ, ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు వేసే ఎడిషన్ ఇండెక్సునూ విడివిడిగా మౌంట్ చేసి (తెరిచి), డ్రైవరు కలిపి, కమిట్‌తో (మార్పులు భద్రపరుస్తూ) అన్‌మౌంట్ చేయాలి. కమిట్ మరిస్తే చేసిందంతా గాలికే. డిస్కు ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్తరకం ఎస్‌ఎస్‌డీ) అయితే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సవరణలు కేబీ 2990941, కేబీ 3087873 కూడా రెండింటిలోనూ చేర్చాలి.

ఎలుకబోను:
ఒప్పుకుంటున్నాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:
బూటు నిన్‌స్టాలు విమ్ములఁ బొందుపఱచి

నిర్వాహకుడు:
ఇప్పుడు నిలబడింది. అయినా 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ఇంటెల్ 7వ తరం నుంచి గ్రాఫిక్స్ డ్రైవరు కూడా దానికి అధికారికంగా ఇవ్వలేదు. "ముందుకు" అన్న మాట ఈ పూరణలో ఇంకా అప్పులోనే ఉంది.

నిప్పుగోడ:
తుడుచుటకు ముందె వైఫైకిఁ దోడుపడెడి
చోదకముఁ దెచ్చి పెన్‌డ్రైవుఁ జొనిపి యుంచి
బిట్టులాకరు విప్పించి పిదప మార్చి
వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు.

తాళపత్రం:
"చోదకము" అంటే కారు నడిపేవాడు గుర్తొస్తాడు, డ్రైవరు అనే అనొచ్చు. మొదటి రెండు పాదాల జాగ్రత్త మేలైనది. వైఫై డ్రైవరు లేకుండా డిస్కు తుడిచేసి, ఆ డ్రైవరు కోసమే నెట్టు వెతుక్కోవడం మామూలే. మరిచినవారు ఆండ్రాయిడ్ ఫోనును కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవచ్చు. అది 10లో విడి డ్రైవరు లేకుండా నడుస్తుంది. మూడో పాదం మీదే సందేహం. మొత్తం తుడిచేసేటప్పుడు బిట్‌లాకర్ (డిస్కుకు వేసే గుప్తలిపి తాళం) విప్పడం దేనికి?

నిప్పుగోడ:
తుడిచేవారికి అక్కర్లేదు, నిజమే. కానీ దానికి ముందు ఫైళ్ళు దాచుకోవాలి కదా. ఈలోపు బయాస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన వ్యవస్థనే లేవనిచ్చే కాపలా) ఆపితే పదకొండు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే ఫైళ్ళకు నీళ్ళొదులుకోవాల్సిందే.

పద్దులపుస్తకం:
పాత డాసుబిల్లులు సాగు భాగ్య మబ్బ
ముప్పదియు రెండు బిట్లకు మొగ్గు చూపి
నాల్గు జీబీల రాముకే నవ్వి యొదిగి
వెనుక కడుగిడి ముందుకు వెళ్ళె నతఁడు.

నిర్వాహకుడు:
"ముందుకు" ఎందుకో చెప్పిన పూరణ ఇదొక్కటే. డాస్ కాలపు 16 బిట్ల బిల్లింగ్ ప్రోగ్రాము 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు. పదకొండులో 32 బిట్ల రూపమే లేదు. పదిలో ఉంది, ఎన్‌టీవీడీఎం (డాస్ ప్రోగ్రాములను నడిపే విండోస్ భాగం) జోడిస్తే బిల్లు కదులుతుంది. ర్యామ్‌ను "రాము" చేయడం శ్లేషగా ఒప్పుకుంటాను. 16 జీబీ వేయించుకున్నవాడు నాలుగులోనే, నిజానికి ఇంకాస్త తక్కువలోనే, నవ్వుతూ ఒదగాలంటే రాముడికున్నంత ఓర్పు కావాలి మరి.

నీలితెర:
పద్యంలో పట్టనిదొకటి. 64 బిట్ల యూఈఎఫ్‌ఐ (బయాస్‌కు కొత్త రూపం) మీద 32 బిట్ల విండోస్ లేవదు. బయాస్‌లో సీఎస్‌ఎం (పాత బయాస్ పద్ధతిలో లేపే అమరిక) ఆన్ చేసి, డిస్కును ఎంబీఆర్‌గా (పాత విభజన పద్ధతికి) మార్చి వేయాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ సీఎస్‌ఎం ఇప్పుడు లేదు. కొనేముందే బయాస్‌లో చూసుకోవాలి. లేకపోతే పదకొండునే ఉంచి, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటరులోనే ఊహా కంప్యూటరును నడిపే ప్రోగ్రాములో) 32 బిట్ల పది వేసుకోవడమే.

పద్దులపుస్తకం:
అప్పుడు అతడు అడుగు వెనక్కి వేయనే లేదు కదా. పూరణ మళ్ళీ రాయాలి. రేపటిదాకా గడువిస్తారా?

నిర్వాహకుడు:
ఇచ్చాం. ఈసారి రెండో పాదంలో సీఎస్‌ఎం పట్టించండి, యతికి "సీ" దొరికింది కాబట్టి తేలికే. లైసెన్సు మాట కూడా ఎవరైనా ఎత్తుకోండి. పదకొండు ప్రోతో వచ్చిన యంత్రానికే పది ప్రో వేసుకునే హక్కు లైసెన్సులో ఉండేది, అదీ పదికి మద్దతు ఉన్నంతకాలమే (అది 2025 అక్టోబరు 14తో ముగిసింది). హోమ్‌కు అదీ లేదు.