ఏసీ క్లాసులో కిటికీలు తెరవమని స్కూలును ఎలా అడగాలి?

మాది హన్మకొండ. పాప నాలుగో తరగతి, ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ బ్యాగులోనే పెట్టి పంపిస్తాను. ఈ ఏడాది వాళ్ల క్లాసుకు ఏసీ, డిజిటల్ బోర్డు పెట్టారు. అప్పటినుంచి కిటికీలు మూసేసి, వెలుతురు పడకుండా కర్టెన్లు కూడా వేస్తున్నారు. ఒకరికి జలుబు చేస్తే వారం తిరిగేసరికి బెంచీలు ఖాళీ.

పేరెంట్స్ మీటింగ్‌కు చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ తీసుకెళ్లాను. గేటు దగ్గర 430 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 430) ఉన్నది, మీటింగ్ అయ్యేసరికి క్లాసులో 2100. ప్రిన్సిపల్ మేడంకు చూపిస్తే "ఏసీ ఉంది కదమ్మా" అన్నారు. కిటికీ తీస్తే రోడ్డు దుమ్ము వస్తుందట. ఆ మాటా నిజమే. నాకు మాత్రం టెన్షన్ తగ్గడం లేదు. ఏమని అడగాలి?

కాజీపేట ఏసీ మెకానిక్:
అక్కా, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ అక్కడే వదులుతుంది. బయటి యూనిట్‌కు, లోపలి యూనిట్‌కు మధ్య తిరిగేది గ్యాస్ మాత్రమే. లోపలుండే జాలీ దుమ్మును పడుతుంది గానీ వైరస్‌ను ఆపదు. ఒక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, ఎదురు కిటికీ కొంచెం తీసి ఉంచమనండి. కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, అది ముందే చెప్పండి.

పరకాల టీచర్:
మా బడిలో ఏసీ లేదమ్మా. అయినా డిసెంబర్‌లో పొద్దున చలికి పిల్లలే కిటికీలు మూసేస్తారు. ఇంటర్వెల్‌కు, లంచ్‌కు అన్నీ బార్లా తీయిస్తాను. తట్టు వైరస్ అయితే రోగి వెళ్లిపోయాక కూడా 2 గంటల దాకా గాలిలో ఉండగలదు. గది ఖాళీ అయినంత మాత్రాన గాలి మారదు.

వరంగల్ ఇంజనీర్:
మేడం, మీటర్ వైరస్‌ను చూపించదు, గాలి ఎంత మారుతుందో చెబుతుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 40,000 పీపీఎం. బయట 430, లోపల 2100 అంటే, పాప పీల్చే ప్రతి 24 ఊపిరుల్లో ఒకటి అప్పటికే ఎవరో వదిలిన గాలి. ప్రిన్సిపల్‌కు ఈ లెక్క చెప్పండి.

దుమ్ముకు హెపా ప్యూరిఫైయర్ (చాలా సన్నటి ఫిల్టర్‌తో గది గాలిని వడకట్టే యంత్రం) ఉంది, వైరస్ ఉన్న తుంపర్లనూ పడుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో గంటకు కనీసం 5 సార్లు గది గాలి మారాలని, లేదా శుభ్రం కావాలని చెప్పింది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదికి అది గంటకు 850 ఘనపు మీటర్లు. ఇంట్లో వాడే చిన్నది ఒక్కటి సరిపోదు. ఓజోన్ వదిలే రకం అస్సలు వద్దు, ఆస్తమా పిల్లలకు ప్రమాదం. ప్యూరిఫైయర్ కార్బన్ డయాక్సైడ్‌ను తీయదు కాబట్టి అది పెట్టినా మీటర్ అంకె తగ్గదు, కంగారు పడకండి.

అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. 24లో ఒకటి అని చదివి మా ఆయన కూడా వస్తానన్నారు. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ అడుగుతాం, ఖర్చులో పేరెంట్స్ వాటా వేసుకుంటామని చెబుతాం. అన్నా, ఆ సైజు క్లాసుకు ఎన్ని అంగుళాల ఫ్యాన్ కావాలి?