అంతగా పేరు వినిపించని పాత తెలుగు సినిమాలు చెబుతారా?

మాది విజయనగరం. కంటి ఆపరేషన్ తరువాత నాన్నగారికి మళ్లీ సినిమాలు చూడాలన్న కోరిక పుట్టింది. గురజాడ వారి ఊరు కదా, 1955 నాటి ‘కన్యాశుల్కం’తో మొదలుపెట్టాం. గిరీశంగా ఎన్టీఆర్‌ను చూసి ఆయన మురిసిపోయారు గాని, నాటకంలోని కరుకుదనం తగ్గిందని గొణిగారు కూడా.

తరువాత ఆదుర్తి సుబ్బారావు ‘సుడిగుండాలు’, మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ (1977) చూశాం. రెండోది చూశాక ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు. అయినా అలాంటివే కావాలంటున్నారు!

పౌరాణికాలు, జానపదాలు వద్దు. అవి ఆయనకు కంఠస్థం. 1980కి ముందువి, మామూలు మనుషుల కథలు, జనం మరిచిపోయినవి ఏమున్నాయి? మాటలు స్పష్టంగా వినిపించే ప్రతి ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి, ఆయనకు చెవులూ అంతంతమాత్రమే.